కడబంతి గిన్నె

"గిన్నె ఇవ్వను," అంది మారిబెల్.

మూత ఉన్న తెల్ల ప్లాస్టిక్ గిన్నెని పొట్టకి ఆనించుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. దాని మీద ఎర్ర గోళ్ళరంగుతో ఇంటిపేరు రాసి ఉంది. రోజూ పొద్దున్నే ఆ గిన్నె కొండ మీది ఉమ్మడి వంటశాలకి వెళ్ళాలి, మధ్యాహ్నం నిండి రావాలి. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్క రోజు తప్పలేదు.

అత్తగారు ఒటిలియా ఏప్రాను ముడి వేసుకుంటున్నదల్లా ఆగింది.

"ఏం, ఇవాళ ఇంట్లో ఎవరికీ ఆకలి లేదా?"

"ఉంది అత్తయ్యా. ఉంది కాబట్టే ఇవ్వనంటున్నా. ఆ గుండిగ తిండి తినే నా కూతురు ఇలా అయిపోయింది."

బల్ల దగ్గర కూర్చున్న ఎల్మెర్ రొట్టె ముక్కని టీలో ముంచి తియ్యడం మర్చిపోయాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట వచ్చినప్పుడల్లా అతనికి ఏదో ఒకటి మర్చిపోవడం అలవాటు. రొట్టె నాని గ్లాసు అడుక్కి దిగిపోయింది.

మూలన నాలుగేళ్ళ లూసెరో గోడ సున్నాన్ని గోటితో గీకి నోట్లో పెట్టుకుంటోంది. మారిబెల్ చూసి, గిన్నె చంకలో ఇరికించుకుని వెళ్ళి, పిల్ల వేలు లాగేసింది. పిల్ల ఏడవలేదు. ఏడిచే ఓపిక కూడా లేదు దానికి. పాలిపోయిన పెదాలతో తల్లి వంక చూసి, అక్కడే నేల మీద ఒరిగి పడుకుంది. లేచి గంట కాలేదు, మళ్ళీ పడక.

"చూశారా? రక్తం ఎనిమిదీ పాయింటు తొమ్మిది. కొండ మీద పిల్లలందరిలోకీ ఇదే తక్కువ. ఇంకో వారంలో నర్సమ్మ వచ్చి మళ్ళీ వేలు గుచ్చుతుంది. రక్తం పెరగకపోతే పెద్దాసుపత్రికి రాసేస్తానంది. ఆవిడిచ్చిన మందు చుక్కలేమో ఇది మింగిన మరుక్షణం కక్కేస్తోంది. నన్నేం చెయ్యమంటారు?"

"ఏం చేద్దామని నువ్వు?"

"కొట్లో డబ్బా పాలు తెస్తా. సేమ్యా పొట్లాలు తెస్తా."

"సేమ్యాలో నెత్తురు పుడుతుందా?" ఒటిలియా గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకపోవడమే మారిబెల్‌కి ఒళ్ళు మంట. "పాలతో కడుపు నింపితే పిల్ల పప్పు ముట్టదు. నర్సమ్మ చెప్పలా?"

"నర్సమ్మ చాలా చెప్పింది. జనం కూడా చెప్పారు, మీరు వినలేదేమో. ఊరందరికీ పెట్టే చెయ్యి సొంత మనవరాలికి పెట్టుకోలేకపోయిందని నీళ్ళ లారీ దగ్గర నా మొహం మీదే అన్నారు. నవ్వుతూ అన్నారు."

ఎల్మెర్ గొంతు సవరించుకున్నాడు. "మారీ, అమ్మని అలా..."

"నువ్వు రొట్టె తిను."

అతను గ్లాసులోకి చూశాడు. తినడానికి అందులో రొట్టె మిగల్లేదు.

ఒటిలియా కోడలి చేతిలోంచి గిన్నె లాక్కోలేదు. నేల మీద పడుకున్న పిల్లని వంగి ఎత్తి మంచం మీద వేసింది, రగ్గు కప్పింది. గుమ్మం దగ్గరికి వచ్చాక అంది, "ఇవాళ తరిగే వంతు మనింటిది. ఎల్మెర్‌కి చాన్నాళ్ళ తర్వాత కూలి దొరికింది కనక నువ్వే రావాలి. పిల్లని తీసుకురా, పక్కనే పడుకోబెట్టుకోవచ్చు. గిన్నె తెచ్చుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం."

బయట పొగమంచు సన్నగా చినుకుతోంది. లీమాలో ఈ నెలల్లో సూర్యుడు ఉద్యోగం మానేసినట్టే లెక్క. నూటపది మెట్లు ఆవిడ ఒక్కచోట కూడా ఆగకుండా ఎక్కిపోవడం మారిబెల్ గుమ్మంలోంచి చూసింది. అరవై రెండేళ్ళ మనిషి.

మారిబెల్ మొన్నటిదాకా కుట్టు కార్ఖానాలో పనిచేసింది. వంటశాల వంతులన్నీ ఆమె తరఫున ఎల్మెరే చేసేవాడు, నీళ్ళు మోసో, కట్టెలు కొట్టో. కార్ఖానా మూతబడ్డాక ఇదే మొదటిసారి లోపలికి అడుగుపెట్టడం. నిద్రపోతున్న లూసెరోని పక్కింట్లో అప్పజెప్పి, గిన్నె ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

లోపల పొయ్యిల మీద మూడు గుండిగలు. ఒకదాంట్లో మసూర్ పప్పు. సోమవారం మరి, సోమవారం మసూర్లు వండని ఇల్లు ఈ నగరంలో పేదదైనా ఉండదు, గొప్పదైనా ఉండదు. ముందురోజే నానబోసినవి ఉడుకుతున్నాయి. ఒటిలియా అందులో గుమ్మడికాయ ముక్కలు వేసి గరిటె వెనకవైపుతో మెదిపింది. చూస్తుండగా నీళ్ళలాంటి పప్పు చిక్కబడి, గుమ్మడి రంగు తిరిగింది.

"క్యారెట్ ఆకులు పారేస్తున్నావేం?" అంది ఒటిలియా, తల తిప్పకుండానే.

మారిబెల్ చెయ్యి చెత్తబుట్ట మీద ఆగిపోయింది. ఈవిడకి వీపు మీద కూడా కళ్ళున్నాయా?

"సన్నగా తరిగి ఇటివ్వు. బంగాళాదుంప తొక్క పల్చగా తియ్యి, కండ పోకూడదు. ఆ ముల్లంగి ఆకులు కూడా. బజారులో ఊరికే ఇచ్చేస్తారు, గాడిదలకని."

తరవాత ఒటిలియా బక్కెట్టు మూత తీసింది. కోడి నెత్తురు, ముద్దగా గడ్డకట్టినది. తెల్లవారకముందే ఆవిడ కిందికి దిగి, కోళ్ళు కోసేవాళ్ళ దగ్గర నిలబడి తెచ్చుకుంటుంది. కోడి కొనలేని వాళ్ళకి కోడిలో ఉన్న బలమంతా దాదాపు ఊరికే దొరికే చోటు అదొక్కటే. ఉప్పునీళ్ళలో ఉడికించి, వార్చి, వేళ్ళతో పొడిపొడిగా చిదిమింది. ఉల్లిపాయ, వెల్లుల్లి, పసుపుపచ్చ మిరపకాయ ముద్ద నూనెలో వేగాక అందులో వేసింది. చివర్లో క్యారెట్ ఆకు, పుదీనా. పచ్చి నెత్తురు వాసన ఎటుపోయిందో పోయింది. మారిబెల్‌కి నోరూరింది. కోపంగా ఉన్నప్పుడు నోరూరడం ఎంత అవమానమో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

"టీ పొయ్యి మీద పెట్టనా పెద్దమ్మా?" అని ఒకామె అడిగింది.

"పప్పు రోజున టీ ఎవరైనా ఇస్తారుటే? టీ తాగితే తిన్న బలం ఒంటికి పట్టదు. నిమ్మకాయలు పిండు. నిమ్మరసం పడితేనే పప్పులో ఉన్న ఇనుము రక్తంలోకి ఎక్కేది."

ఎవరు నేర్పారు ఈవిడకి? మూడో తరగతితో బడి మానేసిన మనిషి. నర్సమ్మ చెప్పింది ఒక్కసారి వింటుంది, బజారులో అమ్మేవాళ్ళు చెప్పింది వింటుంది, గుర్తు పెట్టుకుంటుంది, మర్నాడు గుండిగలో కనిపిస్తుంది. గాడిదలు తినే ఆకు, జనం పారబోసే నెత్తురు, గుమ్మడికాయ, పిడికెడు పుదీనా. ముప్పై ఎనిమిది ఇళ్ళు తింటాయి. మారిబెల్ కార్ఖానా దగ్గర ఇంతకి పదింతలు పోసి కొనుక్కున్న భోజనంలో ఇందులో సగం సారం కూడా ఉండేది కాదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేక కత్తి మరీ గట్టిగా కొట్టింది.

అప్పుడే ఆమెకి గోడ మీది కాగితం కనబడింది. నర్సమ్మ అంటించి వెళ్ళిన పట్టీ. పిల్లల పేర్లు, కిందటి ఏడాది అంకె, ఈ ఏడాది అంకె. చేతులు తుడుచుకుని దగ్గరికి వెళ్ళింది.

ఒక్కొక్క పేరే చదివింది. తొమ్మిది ఉన్నవాళ్ళు పదకొండయ్యారు. పది ఉన్నవాళ్ళు పన్నెండయ్యారు. ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు. అన్నిటికన్నా కింద లూసెరో పేరు, అదొక్కటే దిగజారింది.

తిండిలో లోపం లేదు. అదే గుండిగ, అదే వంట. మరి?

"చదివావా?" అంది ఫెలీసితా, బంగాళాదుంపల బుట్ట ముందు కూర్చునే. ఈ ఫెలీసితా వాళ్ళమ్మ ఒకప్పుడు ఇక్కడ గరిటె పట్టిన మనిషి. మాంసం ముక్కలు ఏరి, మూతగిన్నెలో పెట్టి ఇంటికి పంపిస్తోందని పట్టుకుని, ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకున్నది ఒటిలియాయే. ఆ రోజే ఒటిలియా గోడ మీద నీలం రంగుతో రాయించింది, గరిటె పట్టినవాళ్ళ ఇంటి గిన్నె అందరికన్నా చివర నిండాలి అని. ఆ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఫెలీసితా వాటికి ఎప్పుడూ వీపు పెట్టే కూర్చుంటుంది.

"చదివాను. కానీ అర్థం కాలేదు," అంది మారిబెల్.

"మీ ఇంటికి ఏం వస్తుంది గిన్నెలో?"

"అన్నం. బంగాళాదుంప. పులుసు."

"నెత్తురు వేపుడు?"

మారిబెల్ ఆలోచించింది. పులుసులో ఆ రంగు ఉంటుంది. వాసన ఉంటుంది. పొడి మాత్రం, నిన్న, మొన్న, అంతకుముందు... ఎప్పుడు చూసింది?

"రాదు," అంది ఫెలీసితా తనే. "ముప్పై ఏడిళ్ళకి గీసినట్టు సరిపోతుంది. మీ అత్తగారి చెయ్యి అలాంటిది, పగ ఉంటే ఉండనీ, ఆ మాట నేనే చెప్తా. జబ్బు చేసి ఆవిడ రెండు రోజులు రాకపోతే, వేరేవాళ్ళు వడ్డిస్తే, పాతికో ఇంటి దగ్గర గుండిగ అడుగు కనబడింది. కొట్టుకున్నాం. ఆవిడ ఉంటే ముప్పై ఏడిళ్ళకీ వస్తుంది. ముప్పై ఎనిమిదోది కూడా మిగుల్తుంది అనుకో. కానీ ఆఖర్న ఎవరో ఒకరు వస్తారు. మంచం పట్టిన ముసలాయన కోసం పక్కింటావిడ. కడుపుతో ఉన్న ఆ పిల్ల. వాళ్ళకి పడుతుంది మీ వాటా. మీకు అడుగున ఉన్న రసం, మాడు."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పర్వాలేదంటారు. ఒటిలియా ఇంట్లో ఆ సామెత తిరగబడింది. వడ్డించేది మన మనిషి కాబట్టే కడబంతి, కడబంతి కాబట్టే ఖాళీ.

మారిబెల్ సరాసరి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

ఒటిలియాకి దేని గురించో అడగాల్సిన అవసరం రాలేదు. పప్పు కలుపుతూనే ఉంది.

"నా కూతురి గిన్నెలోకి ఏం వస్తోందో మీకు తెలుసా అని అడుగుతున్నా."

కూరలు తరిగే చప్పుడు ఆగిపోయింది.

"అడుగు రసం బలమనుకున్నా," అంది ఒటిలియా చివరికి. "మా కొండ ఊళ్ళో బాలింతకి అదే పోస్తారు. అన్నిటి సారం కిందికి దిగుతుందని మా అమ్మ చెప్పేది. ముక్క పోయినా సారం నా ఇంటికే వస్తోందిలే అనుకున్నా. ఎల్మెర్‌ని దాంతోనే పెంచా."

"లూసెరో ఎల్మెర్ కాదు."

"కాదు."

"నర్సమ్మ చెప్పింది ప్రతీదీ విన్నారు. ఈ ఒక్కటీ ఆవిడని అడగలేదేం?"

ఒటిలియా గరిటె తిప్పడం ఆపింది. ఏం చెబుతుంది? అడిగితే, కాదంటుందేమోనని భయం. కాదంటే, నీలం అక్షరాలని చెరపాలి. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల కాదని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు, అందరూ దుంపల వంక చూశారు.

మారిబెల్‌కి కోపం ఇంకా రావాల్సింది. వచ్చింది కూడా. కానీ దాని పక్కనే ఇంకేదో కూర్చుంది. మంచం పట్టిన ముసలాయనకి తన ఇంటి ముద్ద పంపిస్తూ, ఇంటికొచ్చి మాడు గీరుకుని తిని, రోజూ తెల్లవారకముందే నెత్తురు బక్కెట్టు మోసే ఈ మనిషిని తిట్టడానికి ఆమెకి నోరు రాలేదు. అంత గొప్ప మనిషి ఇంట్లో పుట్టినందుకే తన పిల్ల గోడలు నాకుతోందన్న మాట కూడా నిజమే. రెంటినీ ఒక్క కడుపులో ఎలా పెట్టుకోవాలో తెలియక చరచరా మెట్లు దిగిపోయింది.

తిరిగొచ్చేసరికి పన్నెండు కొట్టింది. ఒక చంకన లూసెరో, ఇంకో చేతిలో తెల్లగిన్నె.

బల్ల మీద గిన్నెలు బారు తీరి ఉన్నాయి. ఇక్కడ మనుషులు కాదు, గిన్నెలే వరసలో నిలబడతాయి. ఆ రోజు తరిగినవాళ్ళ గిన్నెలు ముందు, తక్కినవి వచ్చిన వరసన. ఫెలీసితా ఆకుపచ్చ గిన్నె అన్నిటికన్నా ముందుంది. మారిబెల్ దాన్ని కాస్త పక్కకి జరిపి తన గిన్నె ముందు పెట్టింది.

"ఆ గిన్నె తియ్యి," అంది ఒటిలియా.

"నేను తరిగాను అత్తయ్యా. ఫెలీసితక్క కన్నా ముందొచ్చి కూర్చున్నా. తరిగినవాళ్ళది ముందు. అది మీరు పెట్టిన రూలే."

"గరిటె పట్టిన ఇంటిది చివర. అదీ నేను పెట్టిందే."

"అయితే రెండిట్లో ఏది నిలబడుతుందో మీరే చెప్పండి. అందరి ముందూ చెప్పండి."

గిన్నెలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ మూగారు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే వాళ్ళు కూడా కొంగులు సర్దుకున్నట్టు చేతులు శాలువాల్లోకి లాక్కున్నారు. నీళ్ళ లారీ దగ్గర నవ్వినావిడ లూసెరో పెదాల వంక చూసి తల దించుకుంది.

ఒటిలియా గరిటెని గుండిగ మీద అడ్డంగా పెట్టింది. ఏప్రాను ముడి విప్పింది.

"గరిటె నా చేతిలో ఉన్నంతకాలం నా ఇంటి గిన్నె చివరే. అది మార్చను. మారిస్తే ఇన్నేళ్ళు మీకు పెట్టింది అన్నం కాదు, అబద్ధం. గరిటే మారాలి. ఎవరు పట్టుకుంటారో రండి."

ఎవరూ రాలేదు.

ఎందుకు వస్తారు? గరిటె పట్టుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందరిళ్ళలోనూ పిల్లలున్నారు. గోడ మీది పట్టీలో అందరి అంకెలూ ఇప్పుడిప్పుడే పైకి లేచాయి. పప్పు మీద తెట్టు కడుతోంది. వెనక ఎవరి చంటిదో ఆకలికి గునిసింది.

ఫెలీసితా లేచింది.

ఆమె రెండేళ్ళ కూతురు నయేలీ ఆమె పావడా పట్టుకుని లేచింది. కిందటేడు తొమ్మిదీ పాయింటు రెండు, ఈ ఏడు పదకొండు, ఆ పిల్లది. ఫెలీసితా బల్ల దగ్గరికి నడిచి, తన ఆకుపచ్చ గిన్నెని తీసుకుంది. బారు పొడుగునా నడిచి అన్నిటికన్నా చివర పెట్టింది. నడుస్తున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేదు. వెనక్కి వచ్చి ఏప్రాను తీసుకుని మెళ్ళో వేసుకుంది.

"ఫెలీసితా," అంది ఒటిలియా. "నువ్వు..."

"మా అమ్మ పేరు మీద ఒక మాట ఉంది కదా పెద్దమ్మా. అది నేను మోస్తూనే ఉన్నా. ఇవాళ్టికి మీది కూడా పట్టుకుంటా. పక్కకి తప్పుకోండి."

గరిటె ముంచింది. పప్పు వేసింది. అన్నం వేసింది. నెత్తురు వేపుడు గుండిగలో గరిటె అడుగుదాకా దింపి, నిండుగా తీసి, తెల్లగిన్నెలో వేసింది. ఒక క్షణం ఆగి, ఇంకో గరిటె.

ఒటిలియా చెయ్యి అసంకల్పితంగా గాల్లోకి లేచింది. ఆ చేతికి కొలత తెలుసు. మొదటి గిన్నెలోనే రెండు గరిటెలు పడితే ఎన్నో గిన్నె దగ్గర గుండిగ అడుగు కనబడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కానీ గరిటె ఇప్పుడు ఆవిడది కాదు. చెయ్యి దించేసుకుంది.

"చాలక్కా," అంది మారిబెల్. "ఇంత వద్దు."

"తీసుకో. పగబట్టి తక్కువేశానని రేపు ఎవరూ అనకూడదు." ఫెలీసితా గిన్నెని ముందుకు తోసింది. "తరవాతి గిన్నె."

మారిబెల్ ఖాళీగా ఉన్న చేత్తో గిన్నె అందుకుంది. బరువుగా ఉంది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఇంత బరువు లేదు. నెత్తురు వేపుడు గుట్టగా, పైన పుదీనా ఆకు, పక్కన నిమ్మబద్ద. ఫెలీసితా మాట విన్నప్పటి నుంచీ ఆమె కోరుకున్నది ఇదే, ఇంతే.

బారు చివర ఆకుపచ్చ గిన్నె పక్కన నయేలీ నిలబడి ఉంది. దాని ముందు ముప్పై ఆరు గిన్నెలు. ఫెలీసితా గరిటె మళ్ళీ లోతుగా దిగింది.

లూసెరో తల్లి భుజం మీంచి తలెత్తింది. గిన్నెలోకి చూసింది. చాలా రోజుల తర్వాత దాని కళ్ళలో కాస్త వెలుగొచ్చింది.

"అమ్మా," అంది, "ఇదంతా నాకేనా?"